పాత మిషన్‌కు ఏ రంగు నిలుస్తుంది?

వరంగల్ ఆటోనగర్‌లోనో, హనుమకొండ శివార్లలోనో, కాజీపేట చుట్టుపక్కల ఉన్న ఫ్యాబ్రికేషన్ షెడ్లలోనో ముప్పై నలభై ఏళ్ల లేత్ (లోహాన్ని తిప్పుతూ చెక్కే మిషన్) ఒకటి తిరుగుతూ కనిపించడం వింత కాదు. బటాలా, లుధియానా, రాజ్‌కోట్‌ల నుంచి వచ్చిన బీడు (పోత ఇనుము) లేత్‌లు, 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ మిషన్లు, 1943లో సికింద్రాబాద్‌లో పుట్టిన ప్రాగా టూల్స్ గ్రైండర్లు, మిల్లింగ్ మిషన్లు చేతులు మారుతూ ఇప్పటికీ పని చేస్తున్నాయి. రైస్‌మిల్లు షాఫ్టులు, జిన్నింగ్ మిల్లు రోలర్లు, ట్రాక్టర్ పిన్నులు, బోరు మోటార్ల బుష్‌లు ఇలాంటి మిషన్ల మీదే తయారవుతాయి. కంప్యూటర్‌తో నడిచే కొత్త సీఎన్‌సీ మిషన్ కొనే స్తోమత లేని చిన్న షెడ్డుకు పాత మిషన్‌ను విప్పి, బేరింగులు మార్చి, బెడ్ సరిచేయించి మళ్లీ నిలబెట్టుకోవడమే తెలివైన పని.

చిక్కంతా చివరి మెట్టు దగ్గర, అంటే రంగు దగ్గర వస్తుంది. అప్పటికి యజమాని దగ్గర డబ్బు, ఓపిక రెండూ అడుగంటి ఉంటాయి. ‘‘రెడ్ ఆక్సైడ్ ఒక చెయ్యి, గ్రీన్ ఎనామిల్ రెండు చేతులు కొడితే అయిపాయె సేటూ’’ అని పెయింటర్ అంటాడు, సరేనంటారు. వారం రోజుల పాటు మిషన్ కొత్తదానిలా మెరుస్తుంది. ఒక వానాకాలం గడిచేసరికి చిప్ ట్రే అంచుల్లో, పనిముట్టును మోస్తూ జారే శాడిల్ కింద, కోతను చల్లబరిచే కూలెంట్ కారే చోటల్లా పొక్కులు లేచి, గోటితో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడివస్తుంది. అప్పుడు కొందరు కంపెనీని తిడతారు, మరికొందరు ఎపాక్సీ కొట్టించాల్సిందని నిట్టూరుస్తారు. అదే డబ్బాలోని అదే ఎనామిల్ పక్కనున్న డ్రిల్లింగ్ మిషన్ మీద చెక్కుచెదరకుండా ఉండటాన్ని మాత్రం ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రంగు నిలవడం దాని ధరను బట్టి కాక, ఆ మిషన్ మీద రోజూ ఏం పడుతుంది, ఆ రంగు కింద ఏముంది అనే రెండు విషయాలను బట్టి ఉంటుంది. ఈ రెండూ తేలితే దుకాణంలో కనిపించే డబ్బాల గందరగోళం చాలా వరకు దానంతటదే విడిపోతుంది.

ముందు మీద పడేదాని సంగతి చూద్దాం. లేత్ మీద నీళ్లలో కలిపి వాడే సొల్యూబుల్ ఆయిల్, అంటే పాలలా తెల్లగా ఉండే కూలెంట్, క్షార గుణం కలది. దాని పీహెచ్ సాధారణంగా 8.5 నుంచి 9.5 మధ్య ఉంటుంది. మనం సింథటిక్ ఎనామిల్ అని పిలిచే రంగులోని జిగురు పదార్థం ఆల్కిడ్ రెసిన్. సోయా, అవిసె వంటి నూనెల ఆమ్లాలను పాలియెస్టర్‌తో జతచేసి దీన్ని తయారు చేస్తారు. ఈ జతను కట్టి ఉంచే ఎస్టర్ బంధాలను క్షారం నెమ్మదిగా తెంచేస్తుంది. నూనెకు కాస్టిక్ సోడా కలిపితే సబ్బు అయ్యే చర్యే ఇక్కడ పొర లోపల జరుగుతుంది. పొర మొదట మెత్తబడుతుంది, తర్వాత జిగటగా మారుతుంది, ఆ తర్వాత ఎగిరిపడే ఇనుప రజను దాన్ని గీరుకుంటూ పోతుంది. కూలెంట్ పడని డ్రిల్లింగ్ మిషన్ మీద, బెంచ్ వైస్ మీద, పవర్ హాక్సా స్టాండు మీద ఈ దాడి లేదు కనుక అదే ఎనామిల్ పదేళ్లు నిలిచినా ఆశ్చర్యపోనక్కర్లేదు. అందుకే మంచి పెయింట్ ఏది అని అడిగే ముందు ఈ మిషన్ తడిగా పని చేస్తుందా, పొడిగా పని చేస్తుందా అని అడగాలి.

ఇప్పుడు డబ్బాల విషయానికి వద్దాం. మెషినరీకి వాడే రంగులను అవి ఆరే తీరును బట్టి అర్థం చేసుకుంటే తికమక ఉండదు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) లాకర్ అనే రంగు కేవలం థిన్నర్, అంటే రంగును పల్చబరిచే ద్రావకం, ఆవిరై ఆరుతుంది, లోపల రసాయన మార్పేమీ జరగదు. నీటిలో కరిగి ఎండిన బెల్లం మళ్లీ నీళ్లు తగిలితే కరిగినట్టే, ఎన్ని నెలల తర్వాత థిన్నర్ పడినా ఈ పొర కరుగుతుంది. కాబట్టి థిన్నర్, పెట్రోలు చేతులు తగిలే వర్క్‌షాప్ మిషన్‌కు ఇది పనికిరాదు. సింథటిక్ ఎనామిల్ ముందు టర్పెంటైన్ ఆవిరవడం వల్ల ముట్టుకుంటే అంటనంతగా ఆరి, తర్వాత గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ రోజుల తరబడి లోపలి నుంచి గట్టిపడుతుంది. ఎపాక్సీ, పాలీయురేథేన్ రెండూ రెండు డబ్బాల రంగులు. బేస్‌లో హార్డెనర్ కలపగానే రసాయన చర్య మొదలై, అణువులు ఒకదానికొకటి వలలా ముడిపడతాయి. ఒకసారి పూర్తిగా గట్టిపడ్డాక ఆ వలను కూలెంట్ గానీ, హైడ్రాలిక్ ఆయిల్ గానీ, మామూలు థిన్నర్ గానీ తేలికగా విడదీయలేవు. స్టోవింగ్ ఎనామిల్, పౌడర్ కోటింగ్ ఓవెన్‌లో కాల్చి గట్టిపరిచే రంగులు. పౌడర్‌కు 180 నుంచి 200 డిగ్రీల వేడి కావాలి. రేకు గార్డులకు, కంట్రోల్ ప్యానెల్ డబ్బాలకు అది బాగుంటుంది గానీ, దశాబ్దాల నూనె తాగిన బీడు భాగాలను ఆ వేడికి పెడితే రంధ్రాల్లోని నూనె, గాలి బయటికి తన్నుకువచ్చి పొరంతా సూది బెజ్జాలవుతుంది.

ఎపాక్సీకి, పాలీయురేథేన్‌కు మధ్య తేడా కూడా తెలిసి ఉండాలి. లోహానికి అంటుకోవడంలో, క్షారాన్ని తట్టుకోవడంలో ఎపాక్సీకి సాటి లేదు. ఎండ తగిలితే మాత్రం దాని పై పొర సుద్దలా తెల్లబడి, చెయ్యి పెడితే పొడి అంటుకుంటుంది. పీయూ అని పిలిచే పాలీయురేథేన్‌లో, ముఖ్యంగా అక్రిలిక్ బేస్‌కు అలిఫాటిక్ హార్డెనర్ జోడించిన రకంలో, మెరుపు, రంగు ఏళ్ల తరబడి నిలుస్తాయి. ఈ రెంటి గుణాలనూ బట్టే కింద ఎపాక్సీ ప్రైమర్, పైన పీయూ అనే జోడీ పరిశ్రమలో స్థిరపడింది. మిషన్ పూర్తిగా షెడ్డు లోపలే ఉండి, కిటికీ ఎండ కూడా పడని చోట అయితే పైన కూడా ఎపాక్సీయే వేసుకోవచ్చు, పీయూ ఖర్చు మిగులుతుంది. మన దగ్గర చాలా షెడ్లకు ముందువైపు గోడ ఉండదు, మధ్యాహ్నం ఎండ నేరుగా హెడ్‌స్టాక్ (లేత్‌లో స్పిండిల్ ఉండే పెట్టె) మీద పడుతుంది, అలాంటి చోట పీయూకు పెట్టిన డబ్బు వృథా కాదు.

ప్రైమర్ విషయంలో ఉన్నంత అపోహ మరెక్కడా లేదు. రెడ్ ఆక్సైడ్ అనే పేరు వినగానే అది తుప్పును ఆపుతుందని అందరూ నమ్ముతారు. నిజానికి ఎర్రని ఐరన్ ఆక్సైడ్ ఒక నిశ్చలమైన రంగు పొడి మాత్రమే. తేమ దారిని కొంత అడ్డుకుంటుంది తప్ప తుప్పు చర్యను తానుగా ఆపదు. పాత రోజుల్లో ఆ పని చేసింది దానిలో కలిపిన జింక్ క్రోమేట్. ఐఎస్ 2074 అనే భారత ప్రమాణం ఆ మిశ్రమానికి సంబంధించినదే. ఆ క్రోమేట్‌లో ఉండే ఆరు వేలెన్సీ క్రోమియం క్యాన్సర్ కారకమని తేలింది కాబట్టి ఇప్పుడు దాని బదులు జింక్ ఫాస్ఫేట్‌ను వాడుతున్నారు. అందుకని దుకాణంలో రెడ్ ఆక్సైడ్ ఇవ్వమని అడగడం మానేసి, జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్ కావాలని, అందులోనూ ఆల్కిడ్ రకమా, ఎపాక్సీ రకమా అన్నది తేల్చి అడగాలి. చౌకగా దొరికే చాలా రెడ్ ఆక్సైడ్ డబ్బాల్లో తుప్పును ఆపే పదార్థం పేరుకైనా ఉండదని లేబుల్ చదివితే తెలిసిపోతుంది.

జింక్ రిచ్ ప్రైమర్ ఇంకా గొప్పదని కొందరు సూచిస్తారు. వంతెనలకు, టవర్లకు అది గొప్పదే. దానిలోని జింక్ రజను ఇనుముతో విద్యుత్ స్పర్శలో ఉంటేనే ఇనుముకు బదులు తాను క్షయించి కాపాడుతుంది, ఆ స్పర్శ కుదరాలంటే ఐఎస్ఓ 8501 ప్రమాణంలో ఎస్ఏ రెండున్నర అని చెప్పే స్థాయికి బ్లాస్టింగ్ చేసి, అంటే ఇసుక లాంటి రజనును వేగంగా చిమ్మి, లోహాన్ని దాదాపు తెల్లగా తీయాలి. లేత్‌కు, గ్రైండర్‌కు ఇసుకగానీ గ్రిట్‌గానీ కొట్టకూడదు. ఆ రజను స్పిండిల్ బేరింగుల్లోకి, నూనె దారుల్లోకి చేరిందంటే రంగు నిలవడం మాట అటుంచి మిషనే పోతుంది. చేత్తో, పవర్ టూల్‌తో శుభ్రం చేసిన లోహం మీద, అంటే అదే ప్రమాణం ఎస్‌టీ 2, ఎస్‌టీ 3 అని పిలిచే స్థాయిలో, జింక్ రిచ్ దండగ. అక్కడ జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ గానీ, ఇలా చేత్తో గీకిన లోహం కోసమే తయారయ్యే మందపాటి ఎపాక్సీ మాస్టిక్ గానీ సరైనవి. నా మొగ్గు మొదటిదాని వైపే. మాస్టిక్ గట్టిదే గానీ బ్రష్‌తో వేస్తే గారలు గారలుగా కనిపిస్తుంది. దాన్ని బేస్ స్టాండుకు, మోటారు ప్లేటుకు పెట్టి, కంటికి కనిపించే భాగాలకు పలుచటి ప్రైమర్ వాడటం మేలు.

అల్యూమినియం గేర్ కవర్లు, గాల్వనైజ్డ్ చిప్ ట్రేలు ఉంటే వాటి లెక్క వేరు. గాల్వనైజ్డ్ రేకు మీద నేరుగా సింథటిక్ ఎనామిల్ వేస్తే జింక్‌తో చర్య జరిగి లోపలి వైపు సబ్బు పొర ఏర్పడి, రంగు మొత్తం పలకలా లేచిపోతుంది. వీటికి ఎపాక్సీ ప్రైమర్ గానీ, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిసిన పలుచని ఎచ్ ప్రైమర్ గానీ వేయాలి. ఎచ్ ప్రైమర్ మీద ఎపాక్సీ వేయవచ్చో లేదో తయారీదారు కాగితంలో చూడందే వేయకండి. చాలామంది తయారీదారులు వద్దనే అంటారు.

పొరల మధ్య పొత్తు కుదరకపోవడం వల్ల జరిగే నష్టం, నాసిరకం డబ్బా వల్ల జరిగే నష్టం కన్నా ఎక్కువని నా అభిప్రాయం. పెయింటర్ అలవాటుగా ఆల్కిడ్ రెడ్ ఆక్సైడ్ కొట్టేస్తాడు, యజమాని ఖరీదైన పీయూ తెచ్చి ఇస్తాడు. పీయూలోని ఘాటైన సాల్వెంటు కింది ఆల్కిడ్‌ను ఉబ్బిస్తుంది, అరగంటలో పొరంతా ముడతలు పడి, ముసలి చర్మంలా తేలుతుంది. ఒకసారి అలా లేచాక గీకి లోహం దాకా వెళ్లడం తప్ప మార్గం లేదు. పాలియెస్టర్ లప్పం విషయమూ అంతే. దానిలోని స్టైరీన్ కింది రెడ్ ఆక్సైడ్‌ను మెత్తబరుస్తుంది, కనుక లప్పాన్ని గరుకు చేసిన లోహం మీదగానీ, గట్టిపడ్డ ఎపాక్సీ ప్రైమర్ మీదగానీ పెట్టాలి తప్ప ఆల్కిడ్ మీద కాదు. తిరగేసి చూస్తే, పూర్తిగా గట్టిపడిన ఎపాక్సీని కాగితంతో గరుకు చేసి పైన సింథటిక్ ఎనామిల్ వేయడం వల్ల సాధారణంగా ఇబ్బంది రాదు. మెత్తని పొరను గట్టి పొర మీద వేయవచ్చు, ఘాటు సాల్వెంటు ఉన్నదాన్ని మెత్తని పొర మీద వేయకూడదు అని గుర్తుంచుకుంటే చాలావరకు గట్టెక్కుతారు.

థిన్నర్ దగ్గర కూడా ఇదే జాగ్రత్త కావాలి. మన షెడ్లలో అన్నిటికీ ఒకే ఎన్‌సీ థిన్నర్ డబ్బా వాడతారు. బ్రష్ కడగడానికి అది చాలు. పీయూలో కలిపితే మాత్రం దానిలోని ఆల్కహాలు పీయూ హార్డెనర్‌తో చర్య జరిపి దాన్ని తినేస్తుంది. పైకి అంతా బాగానే ఆరినట్టుంటుంది గానీ పొర ఎన్నటికీ పూర్తిగా గట్టిపడదు. పీయూకు పీయూ థిన్నరే, ఎపాక్సీకి ఎపాక్సీ థిన్నరే కొనాలి.

ఇప్పుడు పాత మిషన్ మీద అప్పటికే ఉన్న రంగును ఏం చేయాలో చూద్దాం. మొత్తం గీకేయాలా? అక్కర్లేదు, కానీ అదేమిటో తెలియాలి. థిన్నర్‌లో తడిపిన గుడ్డను ఒక మూల అంటించి, పైన పాలిథిన్ కప్పి పది నిమిషాలు వదిలేసి తుడవండి. రంగు గుడ్డకు అంటుకుని కరిగివస్తే అది లాకర్, మొత్తం తీయాల్సిందే. ముడతలు పడితే ఆల్కిడ్, పైన ఆల్కిడ్ వేసుకోవచ్చు గానీ రెండు డబ్బాల రంగు వేయాలంటే తీసేయాలి. ఏమీ కాకపోతే గట్టి రంగే, అంచులు పలుచబరిచి ఉంచుకోవచ్చు. ఆ పైన పట్టు ఎలా ఉందో చూడటానికి బ్లేడుతో రెండేసి మిల్లీమీటర్ల ఎడంతో అడ్డంగా, నిలువుగా ఆరేడు గీతలు లోహం దాకా గీసి, బలమైన టేపు అంటించి ఒక్క ఊపున లాగండి. గళ్లు టేపుతో పాటు లేచివస్తే దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా నిలబడదు.

గీకే చోట హెడ్‌స్టాక్ పక్క భాగాన్ని దగ్గరగా చూస్తే పాత తయారీదారుల పద్ధతి బయటపడుతుంది. పైన ఎవరో కొట్టిన ఆకుపచ్చ, దాని కింద మరో ఆకుపచ్చ, దాని కింద బూడిద రంగు, ఆ కింద రెండు మూడు మిల్లీమీటర్ల మందాన గట్టి లప్పం, చివరికి పోత నాటి గరుకు చర్మం. బీడు పోత ఎగుడుదిగుడుగా వస్తుంది కాబట్టి అప్పటి కార్మికులు దాన్ని లప్పంతో నునుపు చేసి రంగు వేసేవారు. ఆ లప్పాన్ని స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. గట్టిగా పలికితే ఉంచండి, డొల్లగా పలికిన చోట నూనె దాని కిందికి దిగి ఉంటుంది, అక్కడ పూర్తిగా ఊడదీయాలి. ఊడదీసిన చోట బీడు నల్లగా, తడిగా కనిపిస్తుంది. బీడులో గ్రాఫైట్ పొరల వెంట ఉన్న సన్నని రంధ్రాలు ఏళ్ల తరబడి నూనె పీల్చుకుని ఉండటమే దానికి కారణం.

ఈ నూనెను తీయడమే అసలు పని. మన దగ్గర గాసునూనెతోనో డీజిల్‌తోనో కడిగేసి శుభ్రమైపోయిందనుకుంటారు. గాసునూనె గ్రీజును కరిగిస్తుంది, నిజమే, కానీ ఆరాక తాను కూడా సన్నని నూనె పొరను వదిలిపోతుంది. ఆ పొర మీద వేసిన ప్రైమర్ లోహానికి కాక నూనెకు అంటుకుని ఉంటుంది. గాసునూనె తర్వాత డిటర్జెంటు కలిపిన వేడినీళ్లతో బ్రష్ పెట్టి రుద్ది, కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టి, చివరగా శుభ్రమైన థిన్నర్‌తో, ప్రతి తుడుపుకూ గుడ్డ మడత మారుస్తూ తుడవాలి. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి నీళ్లు చల్లి చూస్తే చాలు. నీరు పల్చని పొరగా పరుచుకుంటే నూనె పోయినట్టు, బొట్లు బొట్లుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు. విడదీయగలిగే బీడు భాగాలను ఏప్రిల్, మే ఎండలో మధ్యాహ్నమంతా పెడితే, లోపలి నూనె పైకి చెమటలా పడుతుంది. దాన్ని తుడిచి మళ్లీ ఎండలో పెడుతూ, చెమట ఆగేదాకా చేయడం ఇక్కడి వేసవి ఉచితంగా ఇచ్చే సౌకర్యం. నూనె పోకముందే ఎమరీ పేపర్‌తో, వైర్ బ్రష్‌తో గీకడం మొదలుపెడితే ఆ నూనెను రంధ్రాల్లోకి ఇంకా లోతుగా రుద్దినట్టవుతుంది. కడగడం ముందు, గీకడం తర్వాత.

తుప్పు విషయంలో గ్రైండర్‌కు తగిలించే వైర్ కప్ బ్రష్‌ను చూసి మోసపోవద్దు. అది తుప్పును తీయకుండా పాలిష్ చేస్తుంది. నల్లగా మెరిసే ఆ నునుపు మీద రంగుకు పట్టు దొరకదు. 80 నంబరు ఫ్లాప్ డిస్క్ లేదా గరుకు కాగితంతో చివరి గీత గీస్తేనే ప్రైమర్‌కు పళ్లు దొరుకుతాయి. రస్ట్ కన్వర్టర్ అని అమ్మే ద్రావకాల్లో ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిక్ ఆమ్లమో ఉంటుంది. గుంటల్లో మిగిలిన తుప్పు వరకు వాడవచ్చు, మిగిలిన ఆమ్లాన్ని కడగకుండా వదిలేస్తే మాత్రం ఎపాక్సీ కింద పొక్కులు ఖాయం.

ఇంకో హెచ్చరిక. పాత మిషన్ల ఎర్ర ప్రైమర్‌లో, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో సీసం ఉండటం సాధారణం. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న 2016 నాటి నియమాలు 2017 నవంబరు నుంచి అమలులోకి వచ్చాయి గానీ, పరిశ్రమల్లో వాడే రంగులు వాటి పరిధిలోకి రావు. కాబట్టి పాత రంగును పొడిగా గ్రైండర్ పెట్టి దుమ్ము లేపకుండా, తడిపి గీకాలి. పెచ్చులను ఊడ్చి సంచిలో కట్టాలి, ఆ బట్టలతో ఇంటికి వెళ్లి పిల్లలను ఎత్తుకోకూడదు. బెడ్ వేస్, లీడ్ స్క్రూ, గిబ్బులు, ఆయిల్ నిపుల్స్, సైట్ గ్లాస్, నేమ్‌ప్లేటు, ఎర్త్ బోల్టు కూర్చునే చోటు, వీటన్నిటికీ గ్రీజు పూసి కాగితం అంటించడమో, మాస్కింగ్ టేపు వేయడమో ముందే జరగాలి.

ఏ నెలలో రంగు వేస్తున్నారన్నది ఉత్తర తెలంగాణలో చిన్న ప్రశ్న కాదు. లోహం ఉష్ణోగ్రత మంచు బిందువు కన్నా, అంటే ఆ గాలిలోని తేమ నీటి బొట్లుగా మారే ఉష్ణోగ్రత కన్నా, కనీసం 3 డిగ్రీలు ఎక్కువగా ఉండాలనీ, గాలిలో తేమ 85 శాతం దాటకూడదనీ పరిశ్రమ నియమం. ఆగస్టులో ఒక ఉదయం గాలి 30 డిగ్రీలు, తేమ 85 శాతం ఉందనుకుంటే, మంచు బిందువు సుమారు 27 డిగ్రీలు. రాత్రంతా చల్లబడిన టన్ను బరువు బీడు బెడ్ అప్పటికి ఇంకా 26, 27 దగ్గరే ఉంటుంది. షట్టరు ఎత్తి తేమగాలి లోపలికి రాగానే దాని మీద కంటికి కనిపించని నీటి పొర పేరుకుంటుంది. ఆ పొర మీద ఎపాక్సీ వేస్తే హార్డెనర్‌లోని అమైన్ తేమతో, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి పైకి తేలి మైనంలా జిడ్డు పడుతుంది. పీయూ వేస్తే హార్డెనర్ నీటితో చర్య జరిపి కార్బన్ డయాక్సైడ్ వదిలి బుడగలు పుడతాయి. వానాకాలంలో తప్పనిసరైతే పదకొండు దాటాక, లోహాన్ని చేత్తో ముట్టుకుంటే వెచ్చగా అనిపించాక మొదలుపెట్టి సాయంత్రంలోగా ముగించాలి. స్ప్రే చేస్తుంటే కంప్రెసర్ ట్యాంకు అడుగున చేరిన నీటిని గంటకోసారి వదలాలి. ఎపాక్సీ మీద జిడ్డు పడితే ముందు గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, ఆ తర్వాతే గరుకు కాగితం పట్టాలి. తిరగేస్తే జిడ్డును లోపలికి రుద్దినట్టే.

వేసవిది మరో తిప్పలు. గాలి 42 డిగ్రీలు, తేమ 20 శాతం ఉన్న మే మధ్యాహ్నం మంచు బిందువు 15 డిగ్రీల లోపే ఉంటుంది కనుక తేమ భయం లేదు. కానీ ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కలిపిన రంగు పని చేసే సమయం దాదాపు సగానికి పడిపోతుందని ఉజ్జాయింపు లెక్క. డబ్బా మీద 25 డిగ్రీల వద్ద 4 గంటలు అని రాసి ఉంటే, 42 డిగ్రీల దగ్గర చేతిలో ఉండేది గంటకు కాస్త పైన మాత్రమే. థిన్నర్ కూడా గాలిలోనే ఆవిరై, రంగు లోహానికి చేరేసరికి పొడిపొడిగా పడి గరుకు తేలుతుంది. వేసవిలో తెల్లవారి ఆరు నుంచి తొమ్మిది మధ్య, కొద్దికొద్దిగా కలుపుకుంటూ పని చేయడం ఉత్తమం. ఎంచుకునే వీలుంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పగటి వేళ అన్నిటికన్నా అనుకూలం.

రెండు డబ్బాల రంగుల్లో నిష్పత్తి విషయంలో కళ్లకొలత పనికిరాదు. హార్డెనర్ కాస్త ఎక్కువ పోస్తే తొందరగా ఆరుతుందన్న నమ్మకం తప్పు. ఎక్కువైన హార్డెనర్ జత దొరకక పొరలోనే మిగిలి జిగట పుట్టిస్తుంది. డబ్బా మీద ఘనపరిమాణంలో ఇచ్చిన నిష్పత్తిని గీతలున్న ప్లాస్టిక్ కప్పుతో కొలిచి, రెండు మూడు నిమిషాలు అడుగు నుంచి కలిపి, ఎపాక్సీ అయితే తయారీదారు చెప్పినంతసేపు, సాధారణంగా 15 నుంచి 30 నిమిషాలు, ఊరనిచ్చి అప్పుడు వాడాలి.

ఎంత కొనాలన్నది లెక్క కట్టవచ్చు. రంగులోని ఘనపదార్థం శాతాన్ని పదితో హెచ్చించి, కావాల్సిన ఎండు పొర మందంతో, అంటే మైక్రాన్లతో (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), భాగిస్తే లీటరుకు ఎన్ని చదరపు మీటర్లు వస్తుందో తేలుతుంది. ఘనపదార్థం 50 శాతం, కావాల్సిన పొర 50 మైక్రాన్లు అయితే లీటరుకు 10 చదరపు మీటర్లు. గరుకు బీడు, బ్రష్ వృథా కలిపి మూడో వంతు తీసేస్తే ఆరేడు మిగులుతుంది. రంగు పడే భాగం ఐదు చదరపు మీటర్లున్న లేత్‌కు కోటుకు లీటరు లోపే చాలు. రెండు కోట్ల ఎపాక్సీ ప్రైమర్, రెండు కోట్ల పీయూ వేస్తే మొత్తం 150 నుంచి 200 మైక్రాన్ల దాకా వస్తుంది, అది వర్క్‌షాప్ మిషన్‌కు బలమైన కవచం. ఈ లెక్క వేసి చూస్తే ఎనామిల్‌కు, పీయూకు మధ్య మొత్తం ఖర్చులో తేడా బేరింగుల ఖర్చు ముందు నిలవదని చాలామందికి ఆశ్చర్యం కలుగుతుంది.

పీయూను గన్‌తో కొట్టేటప్పుడు ఆరోగ్యం గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్ ఊపిరితిత్తులకు పడకపోతే జీవితాంతం ఉండే ఉబ్బసం వస్తుంది, ముఖానికి కట్టుకునే తువ్వాలు దాన్ని ఏమాత్రం ఆపదు. దానికి వాసన తక్కువ కనుక కార్బన్ మాస్కు నిండిపోయిన సంగతి కూడా తెలియదు. బయటి గాలిని పైపుతో అందించే మాస్కు లేని చోట పీయూను బ్రష్‌తో, రోలర్‌తోనే వేయాలి. బ్రష్‌కు తగిన పీయూ రకాలు దొరుకుతాయి. మెరుపు రవ్వంత తగ్గితే తగ్గనివ్వండి.

మా ప్రాంతంలో ఇష్టపడే హ్యామర్‌టోన్, అంటే సుత్తితో కొట్టిన రేకులా కనిపించే రంగు, గురించి కూడా అడుగుతుంటారు. పోత లోపాలను అది చక్కగా దాస్తుంది, అందుకే పాత తయారీదారులకు ఇష్టం. మళ్లీ రంగు వేయాల్సి వస్తే మాత్రం దానిలోని సిలికోన్ వల్ల కొత్త పొరకు గుంటలు పడతాయి, తర్వాతివారికి తలనొప్పి. రంగు ఎంపికకు దుకాణంలో షేడ్ నంబరు చెప్పి అడగడం మేలు. ఐఎస్ 5 అనే భారత రంగుల ప్రమాణంలో 631 లైట్ గ్రే, 632 డార్క్ అడ్మిరాల్టీ గ్రే. యూరప్ మెషిన్ టూల్స్ ఆకుపచ్చ కావాలంటే ఆర్ఏఎల్ అనే యూరప్ షేడ్ పట్టికలో 6011. నంబరు రాసి పెట్టుకుంటే ఐదేళ్ల తర్వాత అదే రంగు తెచ్చుకోవచ్చు.

ఇవన్నీ కలిపి చూసినప్పుడు నా సలహా ఇది. కూలెంట్ పారే లేత్, మిల్లింగ్, గ్రైండింగ్ మిషన్లకు జింక్ ఫాస్ఫేట్ ఎపాక్సీ ప్రైమర్, లోపాలుంటే దాని మీద పాలియెస్టర్ లప్పం, లప్పం మీద మళ్లీ ఒక పలుచని ఎపాక్సీ, పైన పీయూ. లప్పాన్ని నీళ్లతో తడిపి అరగదీయవద్దు, అది నీటిని పీల్చి తర్వాత పొక్కులవుతుంది. డ్రిల్లింగ్ మిషన్, వైస్, ప్రెస్, హాక్సా వంటి పొడి మిషన్లకు జింక్ ఫాస్ఫేట్ ఆల్కిడ్ ప్రైమర్, పైన రెండు కోట్ల సింథటిక్ ఎనామిల్ చాలు, అంతకు మించి పెట్టడం డాబే. ఎనామిల్ రెండో కోటును డబ్బా మీద చెప్పిన గంటల్లోపే వేయాలి, లేదంటే పూర్తిగా గట్టిపడేదాకా వారం ఆగాలి. సగం ఆరిన పొర మీద వేస్తేనే ముడతలు వస్తాయి. ఎపాక్సీకి తయారీదారు ఇచ్చిన గడువు దాటితే 220 లేదా 320 కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది తుడిచి పై కోటు వేయాలి.

రంగు ముట్టుకుంటే ఆరినట్టు కనిపించిన మర్నాడే మిషన్ నడిపేయాలని ఉంటుంది. ఎపాక్సీ, పీయూ పూర్తి బలం తెచ్చుకోవడానికి వారం, సింథటిక్ ఎనామిల్‌కు రెండు మూడు వారాలు పడుతుంది. పొడిగా ఒక షాఫ్టు తిప్పుకోవచ్చు గానీ, ఆ గడువు తీరేదాకా కూలెంట్ ట్యాంకు నింపకూడదు. మిగిలిన బేస్‌ను, హార్డెనర్‌ను కలపకుండా వేర్వేరుగా బిగుతుగా మూసి, హార్డెనర్ డబ్బా మూతకు టేపు చుట్టి నీడన ఉంచండి. జూన్ రాకముందు ఒకసారి మిషన్ చుట్టూ తిరిగి, రజను తగిలి లోహం బయటపడ్డ చోట్లను థిన్నర్‌తో తుడిచి, గరుకు చేసి, ప్రైమర్ చుక్క, పైన రంగు చుక్క పెట్టుకుంటే తుప్పు ఆ గాటు నుంచి పొర కిందికి పాకే దారి మూసుకుపోతుంది.